శ్రీహరికోట ఏ జిల్లా? క్విజ్‌లో గొడవ ఎక్కడ పుడుతుంది

నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ బంకు దగ్గర నలుగురు టీవీ క్విజ్ పిచ్చోళ్లు చేరారంటే ఇక గంటసేపు కదలరు. "శ్రీహరికోట ఏ జిల్లా?" అంటాడు ఒకడు. "నెల్లూరే, అదీ ఒక ప్రశ్నేనా" అంటాడు రెండోవాడు. "ఏందిబ్బా, తిరుపతి జిల్లా కదా, 2022లోనే పోయింది" అని మూడోవాడు. "పోతే పోయిందిలే, రాకెట్ లేస్తే మా మిద్దె మీద నించి చూస్తాండామా లేదా" అని నాలుగోవాడు. టీ చల్లారిపోతుంది, తీర్పు రాదు. వచ్చే దారి కూడా లేదు, ఎందుకంటే తప్పంతా ప్రశ్నలోనే ఉంది.

కావలి కాలేజీలో పెట్టినా, ఒంగోలు అపార్టుమెంటులో సంక్రాంతికి పెట్టినా, క్విజ్‌లో కొట్లాట మొదలయ్యేది ప్రశ్న రాసిన కాగితం దగ్గరే. టీవీ వాళ్లు ఆ కాగితం మీద పడే పాట్లు మనకు కనపడవు. మనకు కనపడేది లైట్లు, గుండె దడ సంగీతం, "లాక్ చేయమంటారా" అనే డైలాగు. మనవాళ్లు కాపీ కొట్టేది కూడా వాటినే. అందుకని ఈ పోస్టులో లైట్ల సంగతి ఉండదు. ప్రశ్న, ఆప్షన్లు, బజర్, మార్కులు, వీటి మరమ్మతులే ఉంటాయి.

ముందు శ్రీహరికోట సంగతి తేల్చేద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అదే రోజు ప్రకాశం నుంచి కందుకూరు నెల్లూరుకి వచ్చింది, చీరాల, అద్దంకి బాపట్లకి పోయాయి. జిల్లాల గీతలు ఒకసారి గీసి వదిలేసేవి కావు గనక, జిల్లా పేరు జవాబుగా వచ్చే ప్రతి ప్రశ్నకూ ఒక తేదీ తగిలించాలి. "1971 అక్టోబరులో మొదటి రోహిణి రాకెట్ ఎగిరిన నాటికి శ్రీహరికోట ఏ జిల్లాలో ఉండేది?" అని అడిగితే నెల్లూరు ఒక్కటే జవాబు. "2022 ఏప్రిల్ విభజనలో ఏ జిల్లాకి వెళ్లింది?" అంటే తిరుపతి ఒక్కటే. పాత ప్రశ్నల పుస్తకం తెరిచి దించుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. నేలపట్టు పక్షుల కేంద్రమూ అంతే, పులికాట్ సరస్సూ అంతే. బండి నంబర్ల ప్రశ్నలు మరీ ప్రమాదం. ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం అని అందరికీ కంఠతా వచ్చు. కానీ 2019లో రాష్ట్రమంతా కొత్త బండ్లకి ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు గదా, "ఇప్పుడు" అన్న మాట ప్రశ్నలో పడిందో, అయిపోయారు.

ఇంకో రకం గొడవ ఉంది, ఒకే ప్రశ్నకి రెండు నిజాలుండటం. "ప్రకాశం జిల్లా ఎప్పుడు ఏర్పడింది?" 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. ఒక జట్టు 1970 అంటుంది, ఇంకో జట్టు 1972 అంటుంది. ఇద్దరికీ మార్కులివ్వకపోతే న్యాయం కాదు, ఇస్తే ఆట కాదు. పొట్టి శ్రీరాములు దీక్ష ఎన్ని రోజులన్నదీ ఇలాంటిదే. 1952 అక్టోబరు 19న మొదలు, డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. రెండు తేదీలూ కలుపుకుని లెక్కేస్తే 58, ఒకదాన్ని వదిలేస్తే 57. లెక్క మీద పట్టుదల ఉన్న మాస్టారు ఒక్కరు హాల్లో ఉంటే చాలు, అరగంట పోతుంది. రోజుల సంఖ్య అడక్కుండా "దీక్ష మొదలైన తేదీ" అడిగితే ఆ అరగంట మిగులుతుంది.

బాలసుబ్రహ్మణ్యం ఎక్కడ పుట్టారనే ప్రశ్న మన జిల్లాలో ఎవరూ పెట్టకుండా ఉంటే మంచిది. ఒక చోట నెల్లూరు అని ఉంటుంది, ఇంకో చోట కోనేటమ్మపేట అని ఉంటుంది, హాలు రెండుగా చీలిపోతుంది. కవయిత్రి మొల్లది గోపవరం అంటే ఆ గోపవరం ఏ జిల్లాదని కడప వాళ్లు, నెల్లూరు వాళ్లు ఎప్పటి నుంచో లాక్కుంటున్నారు. రెండు మంచి పుస్తకాలు రెండు రకాలుగా చెప్పిన సంగతి మాటల్లోకి బాగుంటుంది, మార్కులకి పనికిరాదు.

ఇక టీవీ విషయం. కౌన్ బనేగా కరోడ్‌పతి (కేబీసీ) 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో మొదలైంది. దాని మాతృక 1998లో బ్రిటన్‌లో పుట్టింది. మన తెలుగులో 2014లో మా టీవీలో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చింది, 2017లో చిరంజీవి కూర్చున్నారు, 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్‌తో 'ఎవరు మీలో కోటీశ్వరులు' అయింది. ఈ రెండు పేర్లని తారుమారు చేయకుండా చెప్పగలిగేవాడు బంకు దగ్గర పదిమందిలో ఒకడుంటే గొప్ప. అందుకే ఇది మంచి ప్రశ్నలాగా అనిపిస్తుంది, కానీ కాదు. జ్ఞానం కొలవాల్సింది పోయి నాలుక తిరగడాన్ని కొలుస్తుంది.

వీటన్నిటికీ ముందే క్విజ్ ఉంది. బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ 1972లో మొదలై, రేడియోలో నడిచి, 1992లో టీవీకి వచ్చింది. దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు క్విజ్ టైమ్ 1985. ఆ రోజుల్లో ఆప్షన్లు లేవు, తెలిస్తే చెప్పాలి, లేదంటే పక్క జట్టుకి పోతుంది. నాలుగు ఆప్షన్ల పద్ధతి ఇంట్లో కూర్చున్నవాడిని కూడా ఆటలోకి లాగింది, ఆ మేలు ఒప్పుకోవాలి. కాకపోతే ఆప్షన్లు రాయడం ప్రశ్న రాయడం కన్నా కష్టం. ఊరి క్విజ్‌లలో దీని మీద ఎవరూ అయిదు నిమిషాలు కూడా పెట్టరు.

"పెన్నా నది ఎక్కడ పుట్టింది?" అని రాసి ఆప్షన్లుగా నంది కొండలు, హిమాలయాలు, ఢిల్లీ, శ్రీలంక అని పెడితే నాలుగో తరగతి పిల్లాడు కూడా కొట్టేస్తాడు. నంది కొండలు, మహాబలేశ్వరం, త్ర్యంబకం, తలకావేరి అని పెట్టి చూడండి. ఇప్పుడు ప్రతి తప్పు జవాబూ ఇంకో నదికి సరైన జవాబే: కృష్ణ, గోదావరి, కావేరి. పెన్నా పుట్టిన చోటు తెలియనివాడు కూడా మిగతా మూడింటినీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ జవాబుకి చేరొచ్చు. తెలిసినవాడికి ఒక్క సెకను, తెలియనివాడికి ఒక దారి. ఆప్షన్లు చేయాల్సిన పని ఇదే. ఈ ప్రశ్నకి జవాబు కాగితం మీద "చెన్నకేశవ కొండ అన్నా ఒప్పుకోవాలి" అని ముందే రాసి పెట్టుకోండి, ఎందుకంటే నంది వరసలో పెన్నా మొదలయ్యే కొండ అదే. ఆప్షన్లు లేకుండా అడిగినప్పుడు ఒకడు లేచి ఆ పేరు చెబుతాడు, క్విజ్ మాస్టర్ తప్పంటాడు, అక్కడ పరువు పోతుంది.

నాలుగు ఆప్షన్లూ ఒకే జాతివి కావాలి: నాలుగూ ఊళ్లు, లేదా నాలుగూ సంవత్సరాలు. పొడుగూ సమానంగా ఉండాలి. మూడు ఆప్షన్లు ఒక్కో మాట ఉండి, నాలుగోది "1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా" అంటూ సాగితే చదవకుండానే అది జవాబని తెలిసిపోతుంది. "పైవన్నీ", "పైవేవీ కావు" అనేవి పరీక్ష పేపర్లకి వదిలేయండి. రాసేవాళ్ల చేయి తెలియకుండానే సరైన జవాబుని రెండో చోటో మూడో చోటో దాస్తుంది. పాచిక వేసి చోటు పెట్టుకుంటే ఆ పీడ ఉండదు.

ఇంకోటి, మైకులో ఏ, బి, సి, డి అనకండి. టీవీలో తెర మీద అక్షరం కనపడుతుంది కాబట్టి నడుస్తుంది. కళ్యాణ మండపంలో అద్దె స్పీకర్ నించి బి, సి, డి మూడూ ఒకేలా వినపడతాయి. జట్టు బి అంటుంది, స్కోరర్ డి రాసుకుంటాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనండి. ఆప్షన్ నంబరుతో పాటు జవాబు కూడా పలకాలని నియమం పెట్టండి.

టీ బంకులో అన్నిటికన్నా ఎక్కువ సాగే వాదన ఇంకొకటి. హాట్ సీటులో ఉన్నాయన 25 లక్షల దగ్గర ఆగిపోయాడు. "పిరికోడు" అంటాడు ఒకడు. "నువ్వుంటే ఏం చేసేవాడివి బావా?" దీనికి లెక్క ఉంది.

కేబీసీ పాత నిచ్చెనలో పదో ప్రశ్న 3,20,000. అది దాటాక తప్పు చెప్పినా ఆ మొత్తం మిగులుతుంది. తరవాత మెట్లు 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. ఇప్పుడు 6.4 లక్షలు చేతిలో ఉండి 12.5 లక్షల ప్రశ్న ముందుందనుకోండి. తప్పైతే పోయేది 3.2 లక్షలు, ఒప్పైతే వచ్చేది 6.1 లక్షలు. పోయేదాన్ని ఈ రెండిటి మొత్తంతో, అంటే 3.2ని 9.3తో భాగిస్తే 34 శాతం. అంటే మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ నమ్మకం ఉన్నా ఆడొచ్చు. 12.5 దగ్గర ఇది 43 శాతం అవుతుంది. 25 దగ్గర 47. 50 లక్షల దగ్గర కోటి ప్రశ్నకి 48. పైకి పోయేకొద్దీ కావలసిన నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే కింద పరిచిన వల మాత్రం అక్కడే, 3.2 దగ్గరే ఉండిపోయింది.

48 శాతం అంటే 50-50 వాడాక మిగిలిన రెండిట్లో నాణెం ఎగరేసినా లాభమేనా? కాగితం మీద అవును. కానీ పన్ను వేసి చూడండి. క్విజ్ బహుమతి మీద స్లాబులు లేవు, మినహాయింపులు లేవు, నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద ఇంకో 10 శాతం సర్‌ఛార్జీ, అప్పుడు 34.32 అవుతుంది. వేరే ఆదాయం లేదనుకుంటే 50 లక్షలకి చేతికొచ్చేది 34.4 లక్షలు, కోటికి 65.68 లక్షలు, 3.2 లక్షలకి 2.2 లక్షలు. ఇప్పుడు మళ్లీ లెక్కేయండి: పోయేది 32.2, వచ్చేది 31.28. కావలసిన నమ్మకం 50.7 శాతానికి ఎగబాకింది. నాణెం ఎగరేయడం పన్నుకి ముందు లాభం, పన్ను తరవాత నష్టం. "కోటి ప్రశ్నకి తెలియకపోతే ఆగు" అని పెద్దోళ్లు అనేది ఒట్టి భయం కాదన్నమాట. ఇక 25 లక్షలుంటే ఒంగోలులో ఫ్లాటుకి సగం డబ్బులు కట్టేయొచ్చు అనుకునేవాడికి ఈ శాతాలేవీ పట్టవు, వాడు 25 దగ్గరే లేచొస్తాడు. వాణ్ని పిరికోడనే హక్కు బంకులో ఎవరికీ లేదు.

ప్రేక్షకుల ఓటుకి కూడా ఇలాంటి లెక్కే. హాల్లో వందమంది ఉన్నారు, జవాబు తెలిసింది 20 మందికే అనుకుందాం. మిగతా 80 మంది గుడ్డిగా నొక్కితే ఒక్కో ఆప్షన్‌కి 20 చొప్పున పడతాయి. సరైన దానికి 40, మిగతా మూడిటికి ఇరవయ్యేసి. తెలిసింది అయిదో వంతు మందికే అయినా జవాబు స్పష్టంగా పైకి తేలింది. అదే "ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" అని అడగండి. నీలం సంజీవరెడ్డి అని తెలిసినవాళ్లు కొందరే ఉంటారు, మన వైపు హాలైతే సగం మంది ప్రకాశం పంతులు అని కొడతారు. పంతులు గారు 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న వచ్చిన ఆంధ్రప్రదేశ్‌కి కాదు. కాబట్టి ఒక ఆప్షన్ పైకి లేచి మిగతా మూడూ సమానంగా పడుకుని ఉంటే ఓటుని నమ్మొచ్చు. రెండు ఆప్షన్లు పోటీ పడి లేచాయంటే ఏదో ఒక జనం నమ్మకం అడ్డొచ్చిందని అర్థం, అక్కడ ఆలోచించాలి. ఆ ఇద్దరు ముఖ్యమంత్రుల మధ్యలో బుచ్చిరెడ్డిపాళెం మనిషి బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు. నెల్లూరు హాల్లో ఈ ప్రశ్న అడిగితే మాత్రం చప్పట్లు ఖాయం.

ఫోన్ స్నేహితుడికి 30 సెకన్లు. అందులో పది "ఎట్టుండావు అన్నా, బాగుండావా" దగ్గరే పోతాయి. నాలుగు ఆప్షన్లూ ముందు చదివి ప్రశ్న తరవాత చదివేవాళ్లూ ఉన్నారు, అవతల వాడికి ఏం వింటున్నాడో తెలియదు. ప్రశ్నలోని ముఖ్యమైన మాటలు నాలుగైదు, ఆప్షన్లు, "ఎంత శాతం నమ్మకం?" ఈ వరసలో చదివితే పదిహేను సెకన్లలో అయిపోతుంది. స్నేహితుడు శాతం చెప్పకపోతే ఆ జవాబుతో పైన వేసిన లెక్క కుదరదు.

ఊరి క్విజ్‌లో 50-50 పెడుతున్నారా? ఏ రెండు తీసేయాలో ప్రశ్న కాగితం మీద ముందే రాసుకోండి. అప్పటికప్పుడు మాస్టర్ ఆలోచించి తీస్తే, ఆయన ముఖం చూసి జవాబు పట్టేసే మొనగాళ్లు కోవూరులో కూడా ఉన్నారు.

ఆప్షన్లు లేని రౌండు మాత్రం తప్పకుండా ఉండాలి, అసలు ఆట అక్కడే. దానికి ప్రశ్న ఎలా తయారవుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. విషయం ఒంగోలు గిత్తలు. మొదటి రాత ఇలా ఉంటుంది: "బ్రెజిల్‌లో పెంచే మన పశుజాతి ఏది?" ఒకడు ఒంగోలు అంటాడు, ఇంకొకడు నెలోర్ అంటాడు, రెండూ ఒప్పే. పైగా తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, జట్టులో మాట్లాడుకునేదేమీ లేదు. రెండో రాత: "ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో ఏమంటారు?" జవాబు ఒక్కటే అయింది గానీ ఇప్పటికీ అది జ్ఞాపకం పరీక్షే. మూడో రాత: "ఒక పశుజాతిని మనం ఒక ఊరి పేరుతో పిలుస్తాం. బ్రెజిల్ వాళ్లు అదే జాతిని ఆ ఊరికి దక్షిణాన, అదే జాతీయ రహదారి మీదున్న ఇంకో ఊరి పేరుతో పిలుస్తారు. రెండు ఊళ్లూ చెప్పండి." ఇప్పుడు జట్టులో ఒకడికి గిత్త గుర్తొస్తుంది, ఇంకొకడు 16వ నంబరు రోడ్డు మీద కిందకి దిగుతూ సింగరాయకొండ, కావలి అని లెక్కపెడతాడు, మూడోవాడు నెల్లూరు అని అరుస్తాడు. బ్రెజిల్ సంగతి ముందు తెలియకపోయినా చేరుకున్నారు. హాల్లో "ఓహో" వినపడితే ప్రశ్న పండినట్టు.

ఇంకో మంచి దారి, రెండు దూరపు సంగతుల్ని ఒక తేదీతో కలపడం. "1872లో వినోదరాయునిపాలెంలో ఒక పిల్లాడు పుట్టిన తేదీనే, 2023లో ఒక యంత్రం చాలా దూరాన క్షేమంగా దిగింది. పిల్లాడెవరు, యంత్రం ఏది?" ఆగస్టు 23, ప్రకాశం పంతులు, చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్. ఒకటి తెలిసినా రెండోది లాగొచ్చు. సంగీతం వాళ్లుంటే ఇది: "కర్ణాటక సంగీత త్రిమూర్తులు ముగ్గురూ ఒకే ఊళ్లో పుట్టారు, ఆ ఊరేది? వారిలో ఒకరి పూర్వీకులు కంభం నుంచి వెళ్లినవారు, ఆయనెవరు?" తిరువారూరు, శ్యామశాస్త్రి. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరూ కంభం వైపే గనక, త్యాగరాజు అని చెప్పిన జట్టు పూర్తిగా తప్పులో లేదు. అందుకే ప్రశ్నలో కంభం పేరు వదలకూడదు.

ప్రశ్న మూడు వాక్యాలు దాటితే మైకులో నిలవదు. అడగదలచుకున్నది చివరి వాక్యంలోనే రావాలి, బజర్ రౌండులో మరీ.

బజర్ దగ్గరికి వచ్చాం కాబట్టి, అది చేసుకోవడం గురించి. కాలింగ్ బెల్లులు నాలుగు కొని 230 వోల్టుల వైరు టేబుళ్ల మీదకి లాగే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అది వద్దేవద్దు. ప్రమాదం ఒకటి, పైగా నాలుగూ ఒకేసారి మోగితే ఎవరు ముందో ఎవరికీ తెలియదు. ముందు నొక్కినవాడిది పట్టుకుని మిగతావాటిని మూసేయడమే బజర్ పని. మోత అందులో చిన్న భాగం.

ఒక ఆర్డునో నానో (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు), జట్టుకో పుష్ స్విచ్, జట్టుకో ఎల్ఈడీ, ఒక్కో ఎల్ఈడీకి 220 ఓమ్ రెసిస్టర్, ఒక చిన్న 5 వోల్టుల బజర్, మాస్టర్ చేతిలో రీసెట్ స్విచ్. ఇంతే. స్విచ్ ఒక కాలు బోర్డు మీది నేలకి (గ్రౌండ్), ఇంకో కాలు పిన్నుకి. పిన్నుకి లోపలి పుల్-అప్ (నొక్కనప్పుడు పిన్నుని 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) ఉంటుంది గానీ అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది, అయిదు మీటర్ల వైరుకి అది చాలదు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినా, ట్యూబులైటు వెలిగినా ఎవరూ నొక్కకుండానే మూడో జట్టు మోగుతుంది. పిన్నుకీ 5 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, పిన్నుకీ నేలకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ దెయ్యం వదులుతుంది. వైరుగా పాత నెట్‌వర్కు కేబుల్ వాడండి, అందులో జతలు మెలిపెట్టి ఉంటాయి. ఒక్కో జట్టుకి ఒక జత.

ప్రోగ్రాములో చాలామంది చేసే తప్పు, స్విచ్ అదురుని (ఒక్క నొక్కుడుకే లోపల చాలాసార్లు తగిలి విడిపోవడాన్ని) ఆపడానికి లూపులో 50 మిల్లీసెకన్ల ఆగుడు పెట్టడం. అలా పెడితే ఆ 50 మిల్లీసెకన్లలో ఇద్దరు నొక్కినప్పుడు ముందు చూసేది ఒకటో జట్టునే గనక ఎప్పుడూ అదే గెలుస్తుంది. ఆగుడు తీసేస్తే చాలు. మొదటి నొక్కుడుకే తాళం పడుతుంది కాబట్టి అదురుతో పనే లేదు. లూపు మైక్రోసెకన్లలో తిరుగుతుంది, ఇద్దరు మనుషుల వేళ్ల తేడా మిల్లీసెకన్లలో ఉంటుంది, సరిపోతుంది. పవర్ బ్యాంకు మీద నడపబోతే ఇంకో తిరకాసు: ఈ సర్క్యూటు తాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని కాసేపటికి ఆగిపోతాయి. మామూలు ఫోన్ ఛార్జర్ పెట్టి ఇన్వర్టర్ లైనుకి కలపండి. ఫోన్లో బజర్ యాప్‌ల జోలికి పోకపోవడం మేలు, అందులో గెలిచేది వైఫైకి దగ్గర కూర్చున్న జట్టు.

ప్రశ్న పూర్తి కాకముందే నొక్కొచ్చా అన్నది ముందే తేల్చి చెప్పాలి. అమెరికాలో జెపర్డీలో ప్రశ్న చదవడం అయ్యాకే బజర్ తెరుచుకుంటుంది, తొందరపడి నొక్కినవాడికి పావు సెకను తాళం పడుతుంది. బ్రిటన్‌లో యూనివర్సిటీ ఛాలెంజ్‌లో మధ్యలో నొక్కొచ్చు, కానీ తప్పైతే 5 మార్కులు పోతాయి. మన హాళ్లకి రెండోదే నయం. నొక్కిన క్షణం మాస్టర్ నోరు మూసేయాలి, చదువుతున్న మాట కూడా పూర్తి చేయకూడదు. నొక్కాక అయిదు సెకన్లు, అది దాటితే తప్పు కిందే.

టేబుల్ రౌండుకి బౌన్స్ పద్ధతి పెట్టండి, అంటే ఒక టేబుల్ చెప్పలేని ప్రశ్న పక్క టేబులుకి పోతుంది. ఒకటో టేబులుకి వెళ్లిన ప్రశ్నకి ఒకటి, రెండు టేబుళ్లు చెప్పలేక మూడోది చెప్పిందనుకోండి, తరవాతి ప్రశ్న నాలుగు నుంచి మొదలవుతుంది. ఎవరూ చెప్పకపోతే తరవాతది రెండు నుంచి. నేరుగా వచ్చినా బౌన్సై వచ్చినా 10 మార్కులే ఇవ్వాలి. నేరుగా 10, బౌన్స్ 5 అని పెడితే తేలిక ప్రశ్న ఎవరికి తగిలిందన్న అదృష్టం ఆటని మింగేస్తుంది. ఇందులో మిగిలే ఒకే అన్యాయం, బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాడికి ఎక్కువ ప్రశ్నలు జారిపడటం. చీటీలు తీసి కూర్చోబెట్టి, 24 ప్రశ్నలైతే 12 అయ్యాక దిశ తిప్పేస్తే అది చాలావరకు సర్దుకుంటుంది.

తన వంతు కాకపోయినా తెలిసిన జట్టు చీటీ మీద జవాబు రాసి ఇచ్చే ఏర్పాటు ఉంటే హాలంతా మెలకువగా ఉంటుంది. ఒప్పైతే 10, తప్పైతే 5 కోత. చీటీలన్నీ చేతికి వచ్చాకే ప్రశ్నని టేబుళ్ల మీద తిప్పాలి. ఈ వరస తప్పితే ఒకటో టేబుల్ గుసగుస విని అయిదో టేబుల్ రాసేస్తుంది. చీటీ ఇచ్చిన జట్టుని ఆ ప్రశ్నలో దాటేయాలి.

ముప్పై నలభై జట్లు వస్తే ముందు రాత రౌండు, 25 ప్రశ్నలు, అరగంట. అయిదు ప్రశ్నలకి చుక్క పెట్టండి, మార్కులు సమానమైతే చుక్క పెట్టిన ప్రశ్నలు ఎక్కువ చెప్పినవాళ్లు పైకి వస్తారు. ఆరుగురిని తీసుకునేటప్పుడు ఆరో జట్టుకి 12, 15 మధ్య మార్కులొస్తే పేపరు కుదిరినట్టు. 22 వస్తే మరీ తేలిక, 6 వస్తే మీరు మీ గొప్ప చూపించుకున్నారు. తెలుగు స్పెల్లింగుకి మార్కులు కోయొద్దు. ఇంటిపేరు చాలు, అయితే ఆ ఇంటిపేరుతో ఇద్దరు ప్రసిద్ధులు లేకపోతేనే. "ఎన్టీఆర్" అని ఒక్క మాట రాసినవాణ్ని పెద్దాయనా, మనవడా అని తప్పకుండా అడగాలి.

చివర్లో సమానమైతే ఇంకో ప్రశ్న వెతుక్కోకుండా ఒక సంఖ్య అడిగేయండి, దగ్గరగా చెప్పినవాడు గెలుస్తాడు. సంఖ్య మారనిది కావాలి. జనాభా వద్దు, అది ఏ ఏడు లెక్కన్న గొడవ వస్తుంది. చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేచిన రోజుకీ చంద్రుడి మీద దిగిన రోజుకీ మధ్య తేడా ఎన్ని రోజులు? జులై 14, ఆగస్టు 23, తేడా 40. "మధ్య తేడా" అన్న మాట ప్రశ్నలో ఉండాలి, లేకపోతే రెండు తేదీలూ కలిపి 41 అని లెక్కపెట్టిన మాస్టారు లేచి నిలబడతారు. అభ్యంతరం ఏదైనా ఆ రౌండు ముగిసేలోపే చెప్పాలి, స్కోరు బోర్డు మీద పడ్డాక వినేది లేదు అని మొదట్లోనే మైకులో చెప్పేయండి. మిగతా వాదన బంకు దగ్గర చేసుకోవచ్చు.